పాత వైర్‌లెస్ సెట్టు: స్క్రూ తిప్పే ముందు చేయాల్సిన పని

వాడిన వైర్‌లెస్ సెట్టు ఒకటి చేతికొస్తుంది. బ్యాటరీ పెడితే వెలుగుతుంది, ఛానళ్లు మారతాయి, పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే బటన్) నొక్కితే ఎర్ర లైటు వస్తుంది. బాగానే ఉందనుకుంటాం. తీరా వాడటం మొదలుపెడితే దగ్గర్లో ఉన్నవాళ్ల మాట తప్ప ఇంకేదీ వినపడదు. మూత తీసి చూస్తే బోర్డు మీద చిన్న చిన్న స్క్రూలు, తల మీద గాడి ఉన్న కాయిల్స్ కనిపిస్తాయి. "ట్యూనింగ్ జారినట్టుంది, కాస్త తిప్పి చూద్దాం" అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చాలా మంచి రేడియోలు పాడవుతాయి.

ఇలా స్క్రూలు, కాయిల్స్ తిప్పి ట్యూనింగ్ సరిచేయడాన్ని అలైన్‌మెంట్ అంటారు. అది రిపేరు కాదు. రిపేరు అయిపోయాక చేసే పని అది. ఫ్యాక్టరీలో సరిగ్గా అమర్చిన రేడియో ఏళ్ల తరబడి వాడినా కొద్దిగానే జారుతుంది. ఫ్రీక్వెన్సీకి ఆధారమైన క్రిస్టల్ వయసు పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ కాస్త పక్కకు జరుగుతుంది, మామూలుగా అంతకుమించి పెద్ద తేడా రాదు. రిసీవర్‌కు చెవుడు వచ్చినట్టు అయిందంటే ఏదో పార్టు పోయి ఉండాలి, ఎక్కడో టంకం పగిలి ఉండాలి, లేదా మనకన్నా ముందు ఇంకెవరో స్క్రూలు తిప్పి వదిలేసి ఉండాలి. పోయిన పార్టును అలాగే ఉంచి చుట్టూ ఉన్నవన్నీ తిప్పితే లోపం పైకి కొంత తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ అది ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లు చెరిగిపోతాయి. అప్పుడు ఒక లోపం ఉన్న సెట్టు కాస్తా ఆరు లోపాల సెట్టు అవుతుంది.

అందుకే ముందు "బాగా పనిచేయడం" అంటే ఏమిటో అంకెల్లోకి తెచ్చుకోవాలి. రిసీవర్ ఎంత సన్నని సిగ్నల్ వినగలదో సినాడ్ అనే కొలతతో చెప్తారు. సిగ్నల్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ టోన్ ఉన్న సిగ్నల్‌ను రేడియోలోకి పంపుతాం. స్పీకర్ దగ్గర వచ్చే మొత్తం శబ్దాన్ని ఒకసారి కొలుస్తాం. ఆ టోన్‌ను ఫిల్టర్‌తో తీసేసి, మిగిలిన గరగరను, డిస్టార్షన్‌ను మళ్లీ కొలుస్తాం. ఈ రెంటి మధ్య తేడా 12 డీబీకి (డెసిబెల్స్, రెండు సిగ్నళ్ల నిష్పత్తిని చెప్పే కొలత) వచ్చేదాకా సిగ్నల్ తగ్గిస్తూ పోతాం. అక్కడ జనరేటర్ చూపించే అంకే ఆ రేడియో సెన్సిటివిటీ. మంచి వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ సెట్లలో ఇది 0.25 నుంచి 0.35 మైక్రోవోల్టుల మధ్య ఉంటుంది. 50 ఓమ్‌ల మీద 0.25 మైక్రోవోల్ట్ అంటే మైనస్ 119 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్స్). డీవియేషన్ అంటే మాటకు తగ్గట్టు ఫ్రీక్వెన్సీ ఎంత పక్కకు ఊగుతుందో ఆ కొలత. పరీక్ష టోన్‌కు గరిష్ఠ డీవియేషన్‌లో 60 శాతం పెట్టడం ఆనవాయితీ. అంటే 25 కిలోహెర్ట్జ్ ఛానల్‌కు 3 కిలోహెర్ట్జ్, 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌కు 1.5.

ఈ అంకె ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. 0.25 మైక్రోవోల్ట్ దగ్గర వినాల్సిన సెట్టు 1 మైక్రోవోల్ట్ ఇస్తే గానీ వినడం లేదనుకోండి. తేడా 12 డీబీ. అవతలివాళ్లు తమ పవర్‌ను పదహారో వంతుకు తగ్గించి మాట్లాడితే ఎలా ఉంటుందో మనకు అలా వినిపిస్తుంది. 5 వాట్ల వాకీటాకీ 0.3 వాట్ల బొమ్మ సెట్టులా మారినట్టు. అదే ట్రాన్స్‌మిటర్ వైపు చూస్తే, 45 వాట్ల సెట్టును తిప్పి తిప్పి 50 వాట్లకు తెచ్చినా లాభం అర డీబీ కూడా ఉండదు, అవతలివాళ్లకు తేడాయే తెలియదు. చాలామంది రిపేరుకు కూర్చోగానే ముందు వాట్ మీటర్ తగిలిస్తారు. నేనైతే ముందు రిసీవర్ చూస్తాను. పోయిన డెసిబెల్స్ ఎక్కువగా దొరికేది అక్కడే.

పైగా ఇవి ఎఫ్ఎం రేడియోలు. ఎఫ్ఎంలో సిగ్నల్ తగ్గేకొద్దీ మాట మెల్లగా మసకబారదు. ఒక హద్దు దాకా శుభ్రంగా వినిపించి, ఆ హద్దు దాటగానే గరగరలో కుప్పకూలుతుంది. ఆ అంచున రెండు మూడు డీబీల తేడాతోనే మాట అర్థమవుతుందో లేదో తేలిపోతుంది. కొండ వెనక ఉన్న మనిషికి, వర్షంలో వాహనంలో కూర్చున్న మనిషికి అవసరమయ్యేది ఆ రెండు మూడు డీబీలే.

సామాను విషయానికొస్తే, అన్నీ ఒకే పెట్టెలో ఉండే సర్వీస్ మానిటర్ దొరికితే అంతకన్నా సుఖం లేదు. సిగ్నల్ జనరేటర్, ఫ్రీక్వెన్సీ కౌంటర్, డీవియేషన్ మీటర్, సినాడ్ మీటర్, పవర్ మీటర్ అన్నీ అందులోనే ఉంటాయి. లేనివాళ్లు విడివిడిగా సమకూర్చుకోవచ్చు, సినాడ్‌ను కంప్యూటర్ సౌండ్ కార్డుతో కూడా కొలవొచ్చు. అయితే చవక సిగ్నల్ జనరేటర్లతో ఒక చిక్కుంది. వాటి డబ్బాలోంచే సిగ్నల్ కారిపోతుంది. తెర మీద మైనస్ 120 డీబీఎం అని ఉన్నా, గాలిలోంచి అంతకన్నా ఎక్కువే రేడియోలోకి వెళ్తుంటుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. జనరేటర్ ఆన్‌లోనే ఉంచి, కేబుల్‌ను రేడియో నుంచి ఊడదీసి పక్కన పెట్టండి. టోన్ ఇంకా వినిపిస్తుంటే ఆ జనరేటర్‌తో తీసిన సెన్సిటివిటీ రీడింగ్‌ను నమ్మకూడదు.

ఇంకో జాగ్రత్త అంతకన్నా పెద్దది. రిసీవర్ పరీక్షలో రేడియో యాంటెన్నా సాకెట్ నేరుగా జనరేటర్‌కు తగిలి ఉంటుంది. ఆ సమయంలో పొరపాటున పీటీటీ నొక్కుకుంటే రేడియో పవరంతా జనరేటర్ నోట్లోకి పోతుంది. లోపల సిగ్నల్‌ను తగ్గించే ఖరీదైన అటెన్యుయేటర్ ఒక్క సెకనులో కాలిపోతుంది. అందుకే రిసీవర్ చూసేటప్పుడు మైకు ఊడదీసి దూరంగా పెట్టాలి. మధ్యలో 30 డీబీ పవర్ అటెన్యుయేటర్ వేస్తే ఇంకా మంచిది, అప్పుడు 45 వాట్లు కూడా అవతలికి 45 మిల్లీవాట్లుగానే చేరతాయి. ట్రాన్స్‌మిటర్ పరీక్షలన్నీ 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను వేడిగా మార్చే రెసిస్టర్) మీదే చేయాలి. యాంటెన్నా తగిలించి పరీక్షిస్తే గాలిలో ఇంకెవరి ఛానల్ మీదో పడతాం. వాళ్లు ఆ సమయంలో అత్యవసర పనిలో ఉండొచ్చు. లైసెన్సు లేని ఫ్రీక్వెన్సీ మీద ఒక్క సెకను కూడా ప్రసారం చేయకూడదు.

బల్ల మీదకు వచ్చిన సెట్టుకు మొదట చేయాల్సింది వెనక ఉన్న లేబుల్ పూర్తిగా చదవడం. ఒకే పేరుతో, ఒకే రూపంతో వచ్చే యూహెచ్ఎఫ్ సెట్లు లోపల వేర్వేరు బ్యాండ్లకు తయారై ఉంటాయి. 403 నుంచి 430 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసేది ఒకటి, 450 నుంచి 470 దాకా పనిచేసేది మరొకటి. మొదటిదాన్ని 465 మీద పెట్టి "చెవుడొచ్చింది" అనుకుంటే అది రేడియో తప్పు కాదు. దాని ముందు ఫిల్టర్లు ఆ ఫ్రీక్వెన్సీని రానివ్వవు, వీసీఓ (వోల్టేజితో ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్) కూడా అక్కడ లాక్ కాకపోవచ్చు, అంటే ఆ ఫ్రీక్వెన్సీ మీద నిలబడకపోవచ్చు. ఆ మోడల్‌కు, ఆ బ్యాండ్‌కు చెందిన సర్వీస్ మాన్యువల్ దొరికేదాకా స్క్రూ జోలికి పోకూడదు.

తర్వాత లోపలి మెమరీని కంప్యూటర్‌లోకి చదివి ఒక కాపీ దాచుకోవాలి. కొన్ని పాత సెట్లలో చిన్న లిథియం బ్యాటరీ మీద ఆధారపడిన మెమరీ ఉంటుంది. ఆ బ్యాటరీని ఊడదీస్తే ఛానళ్లే కాదు, కొన్ని మోడళ్లలో రేడియో నడవడానికి కావాల్సిన సమాచారమే పోతుంది. ఆ తర్వాత సెట్టు వచ్చినప్పటి రీడింగులన్నీ కాగితం మీద రాసుకోవాలి. బ్యాండ్ మొదట్లో, మధ్యలో, చివర సెన్సిటివిటీ ఎంత, పవర్ ఎంత, కరెంటు ఎంత తీసుకుంటోంది, ఫ్రీక్వెన్సీ తేడా ఎంత, డీవియేషన్ ఎంత అన్నవి. రిపేరు సగం ఆ కాగితం మీదే జరుగుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. నా దగ్గరికి ఒక వాహనం సెట్టు వచ్చింది. సెన్సిటివిటీ 3 మైక్రోవోల్టులు, అంటే ఉండాల్సిన దానికన్నా 20 డీబీ తక్కువ. బ్యాండ్ అంతటా ఒకేలా తక్కువ. పవర్ మాత్రం ఒకసారి 40 వాట్లు, ఇంకోసారి 28. ఈ రెండు రీడింగులూ పక్కపక్కన చూస్తే సంగతి అర్థమవుతుంది. ఫిల్టర్ ట్యూనింగ్ తప్పి ఉంటే బ్యాండ్‌లో ఒక వైపు బాగుండి ఇంకోవైపు పడిపోవాలి. ఇక్కడ అంతటా ఒకేలా ఉంది, పైగా ట్రాన్స్‌మిటర్ కూడా నిలకడగా లేదు. వినడానికి, మాట్లాడటానికి ఉమ్మడిగా ఉండే చోటు యాంటెన్నా సాకెట్ వైపే. బోర్డు తీసి భూతద్దం కింద పెట్టాను. సాకెట్ మధ్య పిన్ను చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నని నల్లటి వలయం కనిపించింది. ఏళ్ల తరబడి కేబుల్ లాగిన లాగుడుకు టంకం గుండ్రంగా పగిలి, పిన్ను ఊరికే ఆనుకుని ఉంది. పాత టంకం పీల్చేసి, కొత్తది పెట్టి మళ్లీ కొలిస్తే 0.28 మైక్రోవోల్ట్. పవర్ 45 దగ్గర కదలకుండా నిలబడింది. ఒక్క స్క్రూ కూడా తిప్పాల్సిన పని పడలేదు. ముందే కాయిల్స్ తిప్పి ఉంటే ఈ టంకం అతికాక కూడా ఆ సెట్టు సరిగ్గా పనిచేసేది కాదు.

1990ల నాటి సెట్లలో తరచూ కనిపించే ఇంకో జబ్బు చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కారడం. పైకి చూస్తే అల్యూమినియం డబ్బాలు మెరుస్తూనే ఉంటాయి. కానీ వాటి కాళ్ల దగ్గర టంకం మెరుపు పోయి బూడిద రంగులోకి తిరిగి ఉంటుంది, చుట్టూ బోర్డు కాస్త తడిసినట్టు ఉంటుంది. అక్కడ సోల్డరింగ్ ఐరన్ పెడితే గుప్పుమని చేపల వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే లోపలి ద్రవం బయటికొచ్చి రాగి గీతలను తింటోందని అర్థం. సౌండ్ తగ్గిపోవడం, స్పీకర్‌లో టకటకమనే చప్పుడు, మైకు మాట పీలగా వెళ్లడం, ఒక్కోసారి వీసీఓ లాక్ తప్పడం, అన్నిటికీ ఇదే మూలం కావచ్చు.

ఇలాంటి కెపాసిటర్‌ను మెలితిప్పి లాగకూడదు. ఇప్పటికే బలహీనపడిన రాగి ప్యాడ్ దానితోపాటే లేచి వస్తుంది. రెండు కాళ్లనూ ఒకేసారి వేడిచేసి ఎత్తాలి. ఆ చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో రెండు మూడుసార్లు కడిగి ఆరనివ్వాలి. చుట్టుపక్కల గీతలు తెగలేదని మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూసుకున్నాకే 105 డిగ్రీల రకం కొత్త కెపాసిటర్ పెట్టాలి. విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. ఒకటి కారిందంటే అదే వరసలోని మిగతావి కూడా దారిలోనే ఉంటాయి కాబట్టి అన్నీ మార్చేయడమే నయం.

వాకీటాకీల్లో జబ్బులు ఇంకా మామూలువి. స్పీకర్ అయస్కాంతానికి ఇనుప రజను పట్టి మాట చిరిగినట్టు వస్తుంది. మైకు రంధ్రం మట్టితో మూసుకుపోతే "నీ మాట చాలా చిన్నగా వస్తోంది" అంటారు, దానికి డీవియేషన్ పెంచాల్సిన పనిలేదు, సూదితో మెల్లగా శుభ్రం చేస్తే చాలు. బ్యాటరీ కాంటాక్టులు నల్లబడి ఉంటే వినేటప్పుడు బాగానే ఉండి పీటీటీ నొక్కగానే సెట్టు ఆగిపోతుంది. వాహనం సెట్టుకైతే కరెంటు తీగ చూడాలి. 45 వాట్లు పంపేటప్పుడు అది 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఫ్యూజ్ హోల్డర్‌లో 0.1 ఓమ్ తుప్పు చేరినా 1 వోల్టు అక్కడే పోతుంది, 10 వాట్లు వేడిగా మారతాయి. 13.8 వోల్టులు సప్లై దగ్గర కాదు, ప్రసారం చేస్తున్నప్పుడు రేడియో ప్లగ్గు దగ్గర కొలవాలి.

చెవుడు అనిపించేవన్నీ చెవుడు కావు. సిగ్నల్ లేనప్పుడు గరగరను మూసేసే స్క్వెల్చ్ మరీ బిగుతుగా ఉన్నా సన్నని సిగ్నళ్లు వినపడవు. స్క్వెల్చ్ పూర్తిగా తెరిచి సినాడ్ కొలిస్తే బాగుండి, మూస్తే వినపడకపోతే రిసీవర్ జోలికి వెళ్లక్కర్లేదు. స్క్వెల్చ్ తెరుచుకునే చోటును 8 నుంచి 10 డీబీ సినాడ్ దగ్గరికి దించితే సరిపోతుంది.

ఇవన్నీ అయ్యాక, సెట్టు ఆరోగ్యంగా ఉందని తేలాకే అలైన్‌మెంట్. దానిలో కూడా వరస ముఖ్యం. మొదట రిఫరెన్స్ ఆసిలేటర్. రేడియోలోని ప్రతి ఫ్రీక్వెన్సీ దాని నుంచే పుడుతుంది కాబట్టి అది తప్పితే తర్వాత చేసేదంతా తప్పే. 2.5 పీపీఎం (పది లక్షల్లో రెండున్నర వంతులు) తేడా అంటే 150 మెగాహెర్ట్జ్ మీద 375 హెర్ట్జ్, 450 మీద 1125 హెర్ట్జ్. 450 మీద రెండు సెట్లు ఎదురెదురు దిక్కుల్లో అంతంత జరిగి ఉంటే వాటి మధ్య దూరం 2 కిలోహెర్ట్జ్ దాటిపోతుంది. 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో మాట అంచులు ఫిల్టర్‌కు తగిలి చిరగడానికి అది చాలు. ప్రసారం చేసి వేడెక్కిన సెట్టును కాదు, గది వేడికి సర్దుకున్న సెట్టును సరిచేయాలి. కొలిచే కౌంటర్ రేడియోకన్నా కనీసం పది రెట్లు నమ్మకంగా ఉండాలి. జీపీఎస్‌తో కట్టిన 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ ఉంటే ఈ బెంగే ఉండదు.

ఆ తర్వాత వీసీఓ కంట్రోల్ వోల్టేజిని బ్యాండ్ రెండు చివర్లలో చూసి మాన్యువల్ చెప్పిన హద్దుల్లో ఉందో లేదో నిర్ధారించుకోవాలి. ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. రిసీవర్ ముందున్న హెలికల్ ఫిల్టర్ల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద మీటర్ ముల్లు బాగా లేచేదాకా తిప్పితే ఆ ఒక్క చోట బ్రహ్మాండంగా ఉంటుంది. మిగతా ఛానళ్లలో పడిపోతుంది, బయటి సిగ్నళ్లు లోపలికి రావడం కూడా పెరుగుతుంది. ఆ ఫిల్టర్‌కు కావాల్సింది శిఖరం కాదు, బ్యాండ్ వెడల్పునా చదునుగా ఉండే బల్లపరుపు. ట్రాకింగ్ జనరేటర్ ఉన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తోనో, నానోవీఎన్ఏ అనే చిన్న కొలత పరికరంతోనో ఫిల్టర్ ఆకారం చూస్తూ తిప్పాలి. ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే కాయిల్ విలువే మారిపోతుంది, ఫెర్రైట్ ముక్క పగిలే ప్రమాదం కూడా ఉంది. ప్లాస్టిక్ లేదా సిరామిక్ పనిముట్టే వాడాలి.

పవర్ గురించి ఎక్కువ చెప్పను. లేబుల్ మీద ఎంత ఉంటే అంతకే పెట్టాలి. అంతకుమించి పిండితే వేడి, పక్క ఛానళ్ల మీద చెత్త తప్ప వేరే ఫలితం లేదు.

డీవియేషన్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. మాట గట్టిగా వినిపించాలని చాలామంది దీన్నే పెంచుతారు. 25 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో హద్దు 5 కిలోహెర్ట్జ్, 12.5 ఛానల్‌లో 2.5. ఎఫ్ఎం సిగ్నల్ వెడల్పును కార్సన్ సూత్రంతో అంచనా వేస్తారు: డీవియేషన్‌కు మాటలోని అతి ఎక్కువ ఫ్రీక్వెన్సీ కలిపి రెండుతో హెచ్చించాలి. 3 కిలోహెర్ట్జ్ మాటకు వెడల్పు ఛానల్‌లో 16, ఇరుకు ఛానల్‌లో 11 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఇరుకు రిసీవర్ ఫిల్టర్ ఆ 11కు తగ్గట్టే చేసింది. అందులోకి 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్ పంపితే గట్టిగా మాట్లాడినప్పుడల్లా మాట ముక్కలవుతుంది. మైకు వైపు నుంచి గట్టి 1 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చి, సీటీసీఎస్ఎస్ టోన్ (అవతలి రిసీవర్ తెరుచుకోవడానికి మాటతోపాటు వెళ్లే తక్కువ ఫ్రీక్వెన్సీ టోన్) కూడా ఆన్ చేసి, పైకీ కిందికీ రెండు వైపులా కొలిచి, ఎక్కువున్న వైపు కూడా హద్దు దాటకుండా పెట్టాలి. ఆ తర్వాతే మామూలు గొంతుకు తగ్గట్టు మైకు గెయిన్ సరిచేయాలి.

సీటీసీఎస్ఎస్ టోన్లు 67 హెర్ట్జ్ నుంచి మొదలవుతాయి. అంత మెల్లని మార్పును వీసీఓ మీద మాత్రమే వేస్తే, ఫ్రీక్వెన్సీని నిలబెట్టే లూప్ దాన్ని తప్పుగా భావించి సరిచేసేస్తుంది. అందుకే చాలా సెట్లలో మాటను వీసీఓ మీదా, రిఫరెన్స్ మీదా రెండు చోట్లా వేస్తారు. ఆ రెంటి పాళ్లు కుదరకపోతే మాట బాగుంటుంది గానీ రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్) ఒకసారి తెరుచుకుని ఇంకోసారి తెరుచుకోదు. 100 హెర్ట్జ్‌కు దగ్గర స్క్వేర్ వేవ్ పంపి డీవియేషన్ మీటర్ అవుట్‌పుట్‌ను ఆసిలోస్కోప్ మీద చూస్తే తెలిసిపోతుంది. తల చదునుగా ఉండాలి. వాలినా, మూపురంలా లేచినా బ్యాలెన్స్ తప్పినట్టే.

కొత్త తరం సెట్లలో స్క్రూలే ఉండవు. ఈ సర్దుబాట్లన్నీ మెమరీలో అంకెలుగా ఉంటాయి, సాఫ్ట్‌వేర్‌తో మారుస్తాం. ఇక్కడ జరిగే ఘోరమైన తప్పు ఒక మంచి సెట్టు ట్యూనింగ్ ఫైలును ఇంకో సెట్టులోకి రాసేయడం. ఛానళ్లను అలా కాపీ చేయొచ్చు. ట్యూనింగ్‌ను చేయకూడదు. ఆ అంకెలు ఆ ఒక్క బోర్డులోని పార్టులకు ఫ్యాక్టరీలో కొలిచి పెట్టినవి, పక్క సెట్టుకు అవి పనికిరావు. మొదట దాచుకున్న కాపీ అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే.

మూత బిగించే ముందు సెట్టును రాత్రంతా ఆన్‌లో ఉంచి, పొద్దున్నే రీడింగులన్నీ మళ్లీ తీస్తాను. సోల్డరింగ్ వేడికి తాత్కాలికంగా అతుక్కున్న పగుళ్లు రాత్రి చల్లదనానికి బయటపడతాయి. ఆ తర్వాత అసలు యాంటెన్నాతో, లైసెన్సు ఉన్న ఛానల్‌లో, దూరంగా ఉన్న ఒకరితో మాట్లాడి చూడాలి. బల్ల మీద 0.28 చూపిన సెట్టు చుట్టూ విద్యుత్ గోల ఎక్కువున్న చోట అంత బాగా వినలేకపోవచ్చు, అప్పుడు వెతకాల్సింది ఆ గోల ఎక్కడిదో. చివరి రీడింగులను తేదీతో సహా చిన్న చీటీ మీద రాసి మూత లోపల అంటిస్తాను. మళ్లీ ఎప్పుడైనా ఆ సెట్టును తెరిచేవాళ్లకు సెన్సిటివిటీ ఎంత నుంచి ఎంతకు పడిందో, ఎక్కడ మొదలుపెట్టాలో దాన్ని చూస్తే తెలుస్తుంది.